ఎర్ర గుడ్డ చేతికిస్తె ట్రైనింగ్ అయిపోయినట్టేనా?

మన ఊరికి బీటీ రోడ్డు వస్తుందంటె అందరం సంబురపడ్తం. ఎన్ని లక్షలు సాంక్షనయినయి, కాంట్రాక్టరు ఎవరు, కొబ్బరికాయ ఎవరు కొట్టిన్రు, గవన్నీ వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతయి. ఆ రోడ్డు మీద మండే తారు మోసేది ఎవరు, టిప్పర్ ఎనుక నిలబడి 'రానియ్ రానియ్' అనేది ఎవరు, ఎర్ర గుడ్డ ఊపుకుంట బండ్లను ఆపే పోరడు ఎవరు అని మాత్రం ఎవ్వలు అడగరు. ఆ పోరనికి నిన్నటి దాంక పత్తి ఏరే పనో, హమాలీ పనో ఉండె. ఇయ్యాల పొద్దుగాల మేస్త్రీ ఓ కట్టెకు గుడ్డ కట్టిచ్చి 'గీడ నిలబడు' అన్నడు. వానికి అయిన ట్రైనింగ్ గంతే.

నేను రోడ్డు పనుల కాడ చాన దినాలు నిలబడి చూసిన, పనిచేసేటోళ్ళతోని ముచ్చట పెట్టిన. పుస్తకాలల్ల ఏం రాసుందో కూడ చదివిన. పుస్తకానికి, పని కాడ జరిగేదానికి మధ్యల ఉన్న దూరమే మనుషులను చంపుతున్నదని నాకనిపించింది. రూల్స్ లేక కాదు. ఉన్న రూల్స్ పనోని చెవిదాంక రాకపాయె.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022ల దేశం మొత్తంల 4,61,312 రోడ్డు ప్రమాదాలయినయి, 1,68,491 మంది చచ్చిపోయిన్రు. అండ్ల మూడింట రెండొంతుల సావులు పల్లె ప్రాంతాలల్లనే. హైదరాబాద్ ట్రాఫిక్‌ను జూసి భయపడ్తం కని అసలు గండం మన ఊరి పొలిమేరల రోడ్డు మీదనే ఉన్నది.

మొదలు ఆ ఎర్ర గుడ్డ సంగతి చూద్దాం. రోడ్డు పని నడిచే కాడ బండ్లను ఎట్ల మళ్ళియ్యాలె, బోర్డులు ఎక్కడ పెట్టాలె అనేదానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు ఒక పుస్తకమే వేసిన్రు. దాని నంబర్ ఐఆర్‌సీ ఎస్‌పీ 55, ఇప్పుడు నడుస్తున్నది 2014ల మార్చి రాసింది. దాని ప్రకారం పని జాగను నాలుగు ముక్కలుగ చూడాలె. ముందుగాల హెచ్చరిక చేసే జాగ. అటెన్క బండ్లను మెల్లగ పక్కకు మళ్ళిచ్చే జాగ. అటెన్క అసలు పని జాగ, అండ్లనే పనోళ్ళకు బండ్లకు నడుమ కొంత ఖాళీ. ఆఖరుకు బండ్లు మళ్ళ తమ దారిల పడే జాగ.

మన దిక్కు ఏం చేస్తరు? పని జాగ ఒక్కటే ఉంటది. దానికి పది అడుగుల ముందట ఒక తుమ్మ కొమ్మ, రెండు రాళ్ళు. గది బోర్డు!

పది అడుగులు ఎందుకు సాలదో లెక్క జూడున్రి. గంటకు 60 కిలోమీటర్ల స్పీడుతోని వచ్చే బైకు ఒక సెకండ్‌కు 16, 17 మీటర్లు పోతది. మనిషి కన్ను చూసి, మెదడు అర్థం జేసుకొని, కాలు బ్రేకు మీద పడేసరికి రెండున్నర సెకండ్లు పడ్తదని రోడ్డు ఇంజనీర్లు లెక్కేస్తరు. అంటె బ్రేకు తొక్కకముందే 40 మీటర్లు దాటి పోయిండు. మొత్తం ఆగడానికి 60 స్పీడుకు 80 మీటర్లు, 80 స్పీడుకు 120 మీటర్లు కావాలె. వానవడ్డ రోడ్డు మీద, అరిగిన టైర్లతోని ఇంక ఎక్కువ. గందుకే మొదటి బోర్డు పని జాగకు దగ్గర్ల ఉంటె అది ఉన్నా లేనట్టే. మలుపు ఉంటె మలుపు అవుతల పెట్టాలె. గుట్ట ఎక్కుడు ఉంటె ఎక్కకముందే పెట్టాలె.

ఇగ జెండ పట్టుకున్నోడు. దీంట్ల నేర్చుకునేది ఏమున్నది అంటరు చాన మంది. మస్తున్నది. బండ్లు వచ్చే దారికి నడుమ నిలబడొద్దు, రోడ్డు అంచు మీద నిలబడాలె. మొకం బండ్ల దిక్కే ఉండాలె, వీపు ఎన్నడు చూపెట్టొద్దు. నలుగురితోని కలిసి ముచ్చట పెట్టుకుంట నిలబడొద్దు, ఒంటిగ కనవడాలె, ఎందుకంటె గుంపుల నిలబడ్డ మనిషిని డ్రైవర్ జెండ పట్టినోడని గుర్తుపట్టడు. చెట్టు నీడల నిలబడొద్దు. ఎండకు పానం పోతున్నా సరే, నీడల ఉన్న మనిషి ఎండల వచ్చే డ్రైవర్‌కు కనవడడు. అందుకే గంట రెండు గంటలకోసారి మనిషిని మార్చాలె. నిలబడకముందే ఒక్కటి చూసుకోవాలె, బండి ఆగకుంట మీదికొస్తె నేను ఎటు దుంకుత? ఎనుక మోరీ ఉన్నదా, కంకర కుప్ప ఉన్నదా, రోలర్ ఉన్నదా? దుంకే దారి లేని కాడ నిలబడొద్దు. సెల్‌ఫోన్ జేబుల కూడ వద్దు, మేస్త్రీ కాడ ఇచ్చెయ్యాలె.

రోడ్డు సగం మూసి సగం మీద ఒక్కో దిక్కు బండ్లను ఇడిచే కాడ ఇద్దరు కావాలె. ఇద్దరు ఒకరికొకరు కనవడాలె. కనవడకపోతె? ఫోన్‌ల 'ఇడువనా?' అని అడిగితె సిగ్నల్ పోయిన నిమిషంలనే ఎదురెదురుగ లారీలు వస్తయి. పాత పద్ధతి ఒకటున్నది, ఇటు నుంచి ఇడిచిన ఆఖరు బండోని చేతికి ఒక కట్టె ఇస్తరు, అది అవుతలోని చేతికి అందినంకనే వాడు తన దిక్కు బండ్లను ఇడుస్తడు. సింగిల్ లైన్ రైళ్ళకు టోకెన్ ఇచ్చినట్టు. దీనికి కరెంటు వద్దు, సిగ్నల్ వద్దు. నాకైతె వాకీటాకీ కన్న గిదే నమ్మకం.

మెరిసే జాకెట్ గురించి కూడ ఒక మాట. నారింజ రంగు, చిలకపచ్చ రంగు బట్ట పగలు కొట్టొచ్చినట్టు కనవడ్తది. రాత్రి ఆ రంగు పనిచెయ్యది. రాత్రి పనిచేసేది దాని మీదున్న తెల్ల పట్టీలు, హెడ్‌లైట్ ఎలుగు పడంగనే మళ్ళ డ్రైవర్ కంటికే తిరిగి పంపుతయి. తారు, దుమ్ము పట్టి ఆ పట్టీలు నల్లగయితె జాకెట్ ఏసుకున్నా ఏసుకోనట్టే. ఉతుక్కోవాలె. ఒక క్వార్టర్ సీస పైసలకు వచ్చే జాకెట్ అది, లక్షల బిల్లు ఎత్తే కాంట్రాక్టరుకు బరువేం కాదు.

తారు సంగతికొద్దాం. మన రోడ్లకు ఎక్కువ వాడే వీజీ 30 రకం తారుతోని కలిపిన మాలు రోడ్డు మీద పరిసేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలని రూలు. నీళ్ళు మసిలేది 100 డిగ్రీలకు. అంటె మసిలే నీళ్ళ కన్న వేడిది, అంటుకుంటె ఊడనిది, మనోళ్ళు హవాయి చెప్పులతోని తొక్కుతున్రు. కాళ్ళకు గోనెసంచి కట్టుకున్నోళ్ళను కూడ చూసిన. నిండ మూసుకునే బూట్లు, మోచేతి దాంక గ్లౌజులు, నిండు చేతుల నూలు అంగి కావాలె. నూలే కావాలె, పాలిస్టర్ బట్ట వేడికి కరిగి తోలుకు పట్టుకుంటది.

తారు మీద పడితె ఏం జెయ్యాలె? ఇది ప్రతి పనోనికి నోటికి రావాలె. వెంటనే సల్లటి నీళ్ళు పొయ్యాలె, ఆపకుంట ఇరవై నిమిషాలు పొయ్యాలె. అంటుకున్న తారును పీకొద్దు. పీకితె తోలు దానితోనే వస్తది. కిరోసిన్, పెట్రోల్, డీజిల్ పెట్టి రుద్దొద్దు. పేస్టు, పసుపు, ఐసు గడ్డ పెట్టొద్దు. తారును ఎట్ల తియ్యాల్నో దవాఖానల డాక్టర్‌కు తెలుసు. వేడి తారుల నీళ్ళు పడితె ఆ నీళ్ళు ఒక్కసారి ఆవిరయి తారు పొంగి మీద చిల్లుతది, గందుకే తడిసిన డబ్బల తారు పొయ్యొద్దు.

టిప్పర్ కాడ రెండు గండాలు. ఒకటి రివర్స్. డ్రైవర్‌కు ఎనుక కనవడని జాగ ఎంతుంటదో తెల్వాలంటె ఒక్కసారి పనోళ్ళందరిని డ్రైవర్ సీట్ల కూసోవెట్టి అద్దంల చూపియ్యాలె. నా లెక్కల ఇంతకు మించిన ట్రైనింగ్ లేదు, ఖర్చు సున్న. అద్దంల డ్రైవర్ మొకం నీకు కనవడకపోతె నువ్వు వానికి కనవడ్తలేవు. సైగ చేసేది ఒక్కడే ఉండాలె. నలుగురు నాలుగు దిక్కుల అరిస్తె డ్రైవర్ ఎవని మాట వినాలె?

రెండోది కరెంటు తీగ. టిప్పర్ డబ్బ లేపినప్పుడు మీద 11 కేవీ లైన్ ఉంటె తగులుడు అక్కర్లేదు, దగ్గరికొచ్చినా కరెంటు దుంకుతది. తగిలిందనుకో, డ్రైవర్ క్యాబిన్లనే కూసోవాలె, దిగొద్దు. ఒక కాలు భూమ్మీద, ఒక చెయ్యి బండి మీద పడ్డదా, అయిపోయినట్టే. కింద ఉన్నోళ్ళు దగ్గరికి ఉరుకొద్దు. నిప్పంటుకుంటె మాత్రం రెండు కాళ్ళు దగ్గర పెట్టుకొని, బండిని ముట్టకుంట ఒక్కపారి దుంకాలె, అటెన్క కాళ్ళు లేపకుంట ఈడ్సుకుంట దూరం పోవాలె. పెద్ద పెద్ద అడుగులేస్తె రెండు కాళ్ళ నడుమ భూమిల నుంచే కరెంటు ఎక్కుతది.

ఇవన్నీ ఎవరు నేర్పాలె? ఈడనే అసలు లొల్లి. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంల రోడ్డు పని కూడ నిర్మాణ పనే. వేసుడు, రిపేరు చేసుడు రెండూ. పది మంది పనోళ్ళున్న కాడ నుంచి ఆ చట్టం పడేది. కని సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టాలంటె 500 మంది ఉండాలన్నరు. ఆ చట్టాన్ని కలుపుకున్న 2020 కోడ్‌ల నిర్మాణ పనులకు ఆ లెక్కను 250కి దించిన్రు. మన ఊరి రోడ్డు పని కాడ ఎంత మంది ఉంటరు? పదిహేను, ఇరవై. అంటె హైవే మీద పనిచేసేటోనికి సేఫ్టీ ఆఫీసర్ ఉంటడు, మన కాడ మేస్త్రీయే ఆఫీసర్, మేస్త్రీయే డాక్టర్.

గందుకే నేననేది, ట్రైనింగ్ ఇయ్యాల్సింది మొదలు మేస్త్రీకే. పాలమూరు లేబర్ తరాల సంది దేశమంత తిరిగి కాల్వలు తవ్వింది, రోడ్లు వేసింది. ఆ పని మొత్తం మేస్త్రీ మాట మీదనే నడిచింది. ఇప్పుడు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్ నుంచి వచ్చేటోళ్ళు కూడ వాళ్ళ సర్దార్ మాటే వింటరు. ఇంజనీర్ వచ్చి ఇంగ్లీషు స్లైడ్లు చూపెట్టి పోతె ఎవని చెవికెక్కది. మేస్త్రీకి రెండు దినాలు నేర్పి, రోజు పొద్దుగాల పని షురు చేసేముందు పది నిమిషాలు వాళ్ళ భాషల చెప్పమనాలె. ఇయ్యాల ఏ పని, గండం ఎక్కడ, జెండ ఎవరిది, నీళ్ళు ఎక్కడున్నయి, దవాఖానకు పోవాలంటె బండి ఏది. గీ ఐదు చాలు. జనవరిల రోడ్డు భద్రత నెల అని బ్యానర్ కట్టి ఫోటోలు దిగుతరు గద, ఆ బ్యానర్ పైసలతోని ఒక మండలంల మేస్త్రీలందరికి చాయ్ బిస్కెట్లతోని క్లాసు పెట్టొచ్చు.

ఇగ డ్రైవింగ్ దిక్కు పోయే తమ్ముళ్ళకు. ఊర్ల చాన మంది ట్రాక్టర్ మీద చెయ్యి తిరిగి, అటెన్క డీసీఎం, అటెన్క టిప్పర్ ఎక్కుతరు. చెయ్యి తిరుగుడు వేరు, నేర్చుకునుడు వేరు. చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 ఏండ్లు నిండాలె, లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ వచ్చి ఏడాది కావాలె. ఎనిమిదో తరగతి పాసు ఉండాలన్న రూలును 2019ల తీసేసిన్రు, సదువు ఆపేసినోళ్ళకు కూడ దారి ఉన్నది. 7,500 కిలోల లోపు బరువున్న ట్రాన్స్‌పోర్ట్ బండిని లైట్ లైసెన్స్‌తోనే నడపొచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి 2024 నవంబర్ 6న చెప్పింది. అంటె ప్యాసింజర్ ఆటో, చిన్న ట్రాలీ నడిపేటోళ్ళకు ఆ ఒక్క కారణం జూపి బీమా కంపెనీ తప్పించుకునేది లేదు. ఆ బరువు దాటితె మాత్రం వేరే లైసెన్స్ ఉండాల్సిందే.

డ్రైవింగ్ స్కూల్‌ల హెవీ నేర్పేటప్పుడు కనీసం 15 గంటలు స్టీరింగ్ మీద కూసోవెట్టాలని రూలు. గుర్తింపు పొందిన ట్రైనింగ్ సెంటర్లయితె హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాలు. 2021 జులై నుంచి ఆ సెంటర్ల పాసయినోనికి ఆర్టీఏల మళ్ళ నడిపి చూపెట్టే టెస్ట్ అక్కర్లేదు. మన రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిల టైడ్స్ అని డ్రైవింగ్ నేర్పే పెద్ద సంస్థ ఉన్నది, ట్రాక్ మీద నేర్పుతరు. పైసలిచ్చి సర్టిఫికెట్ కొనుక్కునే బదులు గసుంటి కాడికి పోవుడు మేలు, నేర్చుకున్న చెయ్యికే మంచి జీతం వస్తది. నౌకరి దొరికినంక కూడ ఒకటి యాదికుంచుకోవాలె, 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టంల రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసిన్రు, ఐదు గంటలు నడిపినంక అర్ధగంట ఆగాలన్నరు. ఓనర్ రాత్రంత నడపమంటె నిద్ర వస్తదని చెప్పుడు తప్పు కాదు. ఆ పెద్ద లేబర్ చట్టాలన్నిటిని ఇప్పుడు కొత్త కోడ్‌లల్ల కలిపిన్రు, కని నిద్రకు కోడ్ తెల్వది.

ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూలోళ్ళను కూసోవెట్టుడు మనకు అలవాటయిపోయింది. నాట్లకు, పత్తికి, రోడ్డు పనికి అట్లనే పోతరు. ట్రాక్టర్‌ది డ్రైవర్ ఒక్కడు కూసునే బండి. మడ్‌గార్డ్ మీదికెల్లి పడి ఎనుక టైరు కింద వడ్డోళ్ళకు బీమా పైసలియ్యమని కంపెనీలు కోర్టుల కొట్లాడ్తయి, చాన సార్లు గెలుస్తయి. అప్పుడు పైసలు ట్రాక్టర్ ఓనర్ నెత్తి మీద పడ్తయి. గీ ముచ్చట ఊర్లల్ల ఓనర్లకు చెప్పాలె, కూలోళ్ళ కన్న ముందుగాల వాళ్ళే బండి మార్చుతరు. అట్లనే వానకాలం, యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరవోసి, నల్ల కవరు కప్పి, అంచుకు బండరాళ్ళు పెట్టుడు. రాత్రి బైకు మీద వచ్చేటోనికి నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప ఎట్ల కనవడ్తది? రైతుకు కల్లం లేదు, నిజమే. కని ఆ బైకు మీద వచ్చేది కూడ రైతు కొడుకే.

పని కాడ జరగరానిది జరిగితె పైసల లెక్క తెలిసుండాలె, లేకుంటె కాంట్రాక్టరు యాబై వేలు చేతుల వెట్టి పెద్దమనుషుల ముందట రాజీ చేస్తడు. 1923 నాటి పరిహార చట్టంల ఒక పద్ధతున్నది, కొత్త సామాజిక భద్రత కోడ్‌ల కూడ అదే పద్ధతి. సావు అయితె నెల కూలిల సగాన్ని వయసుకు ఒక అంకె పెట్టి గుణిస్తరు. నెల కూలి 15,000 దాంకనే లెక్కకు తీసుకుంటరు. 30 ఏండ్లోనికి ఆ అంకె 207.98. రోజుకు 600 చొప్పున నెలకు 25 దినాలు పనిచేసినోడు అనుకుందాం, కూలి 15,000, సగం 7,500. గుణిస్తె 15,59,850 రూపాయలు. పూర్తిగ పనికి రాకుంటయితె సగం కాదు, నూటికి అరవై వంతు పట్టి లెక్కేస్తరు. కాంట్రాక్టరు చేతులెత్తేస్తె పని ఇచ్చిన పెద్ద యజమాని కట్టాల్సొస్తది. వేరే బండి వచ్చి గుద్దితె మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు, కని రెండు దిక్కుల తీసుకునుడు కుదరది, ఏదో ఒకటే. ట్రిబ్యునల్‌కు ఆరు నెలల లోపల పోవాలన్న రూలు 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, ఆలస్యం చెయ్యొద్దు. గుద్దిన బండి దొరకకపోతె సావుకు 2 లక్షలు, పెద్ద దెబ్బకు 50,000 సర్కారు పథకం కింద వస్తయి. వీటన్నిటికి ఒక్కటే కావాలె, ఆ దినం ఆ మనిషి ఆడ పనిచేసిండని రుజువు. హాజరు బుక్కుల పేరు రాయించుకోవాలె, కూలి ఫోన్‌పేల తీసుకోవాలె. నగదు తీసుకుంటె 'వీడెవడో నాకు తెల్వది' అంటరు. అన్నోళ్ళను చూసిన.

దెబ్బతాకినోన్ని చూసి సాక్ష్యం తిప్పల పడ్తమేమో అని భయపడేది అక్కర్లేదు. 2019 సవరణల 134ఏ సెక్షన్ తెచ్చిన్రు, సాయం చేసినోన్ని పోలీసులు బలవంతంగ పేరు చెప్పమనొద్దు, సాక్షిగ రమ్మనొద్దు. 108కి ఫోన్ చెయ్యాలె, నేషనల్ హైవే మీదయితె 1033. 2025 మేల వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాదంల దెబ్బతాకినోళ్ళకు ఏడు దినాల దాంక, లక్షన్నర రూపాయల దాంక పైసలు కట్టకుంట వైద్యం చెయ్యాలె.

ఇగ మీరు చెయ్యగలిగే పని. 18 నుంచి 60 ఏండ్ల నడుమ ఉండి, ఏడాదిల 90 దినాలు రోడ్డు పని, నిర్మాణ పని చేసినోళ్ళు లేబర్ ఆఫీసుల పేరు రాయించుకొని కార్డు తీసుకోవాలె. నిర్మాణ పనుల మీద నూటికి రూపాయి సెస్సు వసూలు చేసేది ఆ కార్డున్నోళ్ళ కోసమే. అట్లనే రోడ్డు డిజైన్, పని, మెయింటెనెన్స్‌ల భద్రత రూల్స్ పాటియ్యక మనిషి సచ్చినా, వికలాంగుడయినా ఆఫీసుకు, కాంట్రాక్టరుకు లక్ష దాంక జుర్మానా వేసే సెక్షన్ 198ఏ కూడ చట్టంల ఉన్నది.

ఊర్ల రోడ్డు పని షురువయిన రోజు ఏఈ సారును అడగున్రి, ఎస్టిమేట్‌ల బోర్డులకు, జెండలకు, జాకెట్లకు ఎంత రాసిన్రు అని. చెప్పకపోతె పది రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టున్రి, తెల్లకార్డు ఉంటె ఆ పది కూడ అక్కర్లేదు. ఎస్టిమేట్ కాపీ, ఎంబీ కాపీ, రెండూ అడగాలె. ఎస్టిమేట్‌ల ఉండి ఎంబీల బిల్లు ఎత్తి, రోడ్డు మీద మాత్రం తుమ్మ కొమ్మ ఉన్నదనుకో, ఆ కొమ్మ ఫోటో, ఆ కాగితం కలిపి గ్రూపుల పెట్టున్రి, కొబ్బరికాయ కొట్టిన ఫోటో కిందనే.